ఒక చెవి తక్కువ

కిట్వేలో మా మిల్లు వెనక
ముళ్ళకంచె లోపల నా రాజ్యం:
ఖాళీ అయిన జంబో సంచులు.
ఒక్కోటి టన్ను మోసింది.
ఇప్పుడు చలికి ముడుచుకున్న కుక్కల్లా
ఒకదానిమీద ఒకటి.

చెప్పుకోదగ్గ పనేం కాదు నాది.
సంచిని కొక్కేనికి తగిలిస్తాను.
కుట్ల సందున దాక్కున్న పొడి దిగేదాకా
కర్రతో కొడతాను.
లోపలి పల్చటి కవరును
మేక పేగు లాగినట్టు లాగుతాను.
సున్నం మోసినవి ఇటు.
శాంతేట్ మోసినవి అటు, విడిగా, తాళం వేసే గదిలో.
ఆ పసుపుపచ్చ పొడికి
కుళ్ళిన క్యాబేజీ వాసన.
చేతులు మూడుసార్లు కడుక్కున్నా
న్షిమా ముద్దతో పాటు నోటిదాకా వస్తుంది.

చివరికి కత్తి తీసి
నాలుగు మూలలా నాలుగు చెవులు కోస్తాను.
చెవుల్లేని సంచిని ఏ క్రేనూ ఎత్తదు.
గుడ్డ ఎంత కొత్తగా కనబడినా
దాని బలం ఒక్కసారికే అని
పక్కన కుట్టిన చీటీ చెబుతుంది,
చదవగలిగిన వాళ్ళకి.

శనివారం శనివారం
బానా న్కందు గేటు దగ్గరికొస్తుంది.
"రెండియ్యి, చిషింబా.
కప్పు కారి మొక్కజొన్న ఇంట్లోనే మొలకెత్తుతోంది."
ఇవ్వను.
"కంపెనీ పారేసేదానికి నీ కాపలా ఏంటి?"
చెబుతాను, పొడి గురించి, వాసన గురించి.
మొత్తం వింటుంది.
"మీ అమ్మ చేతికి ఎముక ఉండేది కాదు.
నీ చేతికి ఎముక తప్ప ఇంకేం లేదు" అని
చితెంగే దులుపుకుని వెళ్ళిపోతుంది.

నవంబరులో ఒక తెల్లారి చూస్తే
కంచె కింద మట్టి తవ్వి ఉంది.
గది తాళం వంగి ఉంది.
లెక్కలో ఒకటి తగ్గింది,
అటువైపుది.

ఎవర్నీ అడగలేదు.
ముక్కే దారి చూపించింది.
ఆమె ఇంట్లో, గడ్డికప్పు కింద,
మూడు చెవులతో దూలానికి వేలాడుతూ
సంచి, సగం దాకా గింజలతో.
నాలుగో చెవిని అప్పటికే కోసి
తలుపుకి బందు చేసింది,
తుప్పు తినేసిన ఇనప బందు ఉన్న చోట.
ఆమె గుమ్మంలో కూర్చుని కంకులు ఒలుస్తోంది,
తలెత్తలేదు.

పిడికెడు గింజలు తీసి వాసన చూశాను.
ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను.
చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని
"నిన్నటినించి కోళ్ళు ముట్టడం లేదు" అంది.

దేన్ని ఏ గదిలో పెట్టాలో నాకు తెలుసు.
ఆ గింజలు కూడా ఇప్పుడు అటువైపువే.
చీకటి పడ్డాక, తోపుడుబండి మీద,
మూడు విడతలుగా తోలాం,
ఆమె ముందు, నేను వెనక.
మా ఇంటినించి రెండు బస్తాల పిండి తెచ్చి దించాను.
అది సరిపోదు.
ఆమె చూపుతోనే కొలిచింది,
సరిపోదని నాకు అర్థమయ్యేలా.

సోమవారం లారీ వచ్చింది.
సున్నం సంచులు లుసాకా వెళతాయి.
అక్కడ మిషను వాటిని తరిగి, కరిగించి,
గింజలు చేస్తుంది.
గింజలనే అంటారు వాళ్ళు కూడా.
వాటితో పైపులు పోస్తారు.
రెండోరకం వేరే లారీలో, వేరే కాగితంతో,
మూతవేసి కాల్చే కొలిమికి.
బయట కాలిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను:
నల్లటి చుక్కలు, మండుతూనే రాలాయి.

నలభై నాలుగు సంచులు.
నూట డెబ్బై అయిదు చెవులు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
రిజిస్టరులో నూట డెబ్బై ఆరు అని రాసి
సంతకం పెట్టాను.

ఆ చెవిని అడిగి తెచ్చుకోవాల్సింది.
కనీసం కడిగి ఇవ్వాల్సింది.
ఆ రాత్రి ఖాళీ బండి తోసుకుంటూ వస్తుంటే
వెనక తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.
ఎన్నేళ్ళకో, సరిగ్గా.

ఈ శనివారం
ఆమె గేటు దగ్గరికి రాలేదు.